ఒంటి కర్రతో కోలాటం లేదు



ఈ పాఠంలో ఒక బాధ గురించి చదువుకుందాం. ఇది పైకి కనపడదు. జ్వరం వస్తే ఒళ్లు కాలుతుంది. దెబ్బ తగిలితే వాస్తుంది. ఈ బాధ మాత్రం మనిషి లోపలే ఉంటుంది. దాని పేరు ఒంటరితనం.

ఒంటరితనం ముసలివాళ్లకే వస్తుందని అనుకుంటాం. అది నిజం కాదు. ఇరవై ఏళ్ల పిల్లలకు కూడా వస్తుంది. మన కొడుకులకు, కూతుళ్లకు, కోడళ్లకు వస్తుంది. వాళ్లు చెప్పరు. మనమే తెలుసుకోవాలి.

ముందు ఒక కథ చదువుదాం. పాఠం కోసం అల్లిన కథ ఇది. కానీ ఇలాంటి ఇల్లు మీ వీధిలో కూడా ఉండొచ్చు.

చిన్నదైపోయిన ముగ్గు

ప్రకాశం జిల్లాలో ఒక ఊరు. మిరప తోటల ఊరు. మాఘమాసంలో ఆ ఊరికి ఒక కొత్తకోడలు వచ్చింది. ఆమె పేరు శిరీష అనుకుందాం. వయసు 21 ఏళ్లు. ఇంటర్ దాకా చదివింది.

భర్త లారీ డ్రైవరు. లారీ ఎక్కితే పదిహేను రోజులకు గానీ ఇంటికి రాడు. అత్తమామలు మంచివాళ్లే. కానీ పొద్దున ఏడింటికే మిరపకాయల కోతకు పోతారు. సాయంత్రం వస్తారు. అలసిపోయి ఉంటారు. తిని పడుకుంటారు.

పగలంతా శిరీష ఒక్కతే. వంట చేసేది. గిన్నెలు తోమేది. టీవీ పెట్టేది. ఫోను చూసేది. ఫోనులో అందరూ నవ్వుతూ కనిపించేవాళ్లు. ఫోను పక్కన పెడితే ఇల్లంతా నిశ్శబ్దం.

ఆ ఊళ్లో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. బావి దగ్గర "లారీ అబ్బాయి పెళ్లాం" అనేవాళ్లు. కొట్టు దగ్గర "కొత్తకోడలు" అనేవాళ్లు. వాళ్లు చెడ్డగా ఏమీ అనలేదు. పేరు అడగాలని ఎవరికీ తోచలేదు, అంతే.

ఎదురింట్లో ఒక పెద్దమ్మ ఉంది. ఆమె రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంది. ఆమె రోజూ శిరీష వాకిట్లో ముగ్గు చూసేది. మొదటి వారం 21 చుక్కల ముగ్గు. వాకిలి నిండా తీగలు, పువ్వులు. నెల తర్వాత ఏడు చుక్కల ముగ్గు. మరో నెలకు నాలుగు గీతలు. ఒకరోజు నీళ్లు చల్లి ఉన్నాయి. ముగ్గే లేదు.

పెద్దమ్మ శిరీష అత్తను అడిగింది.

"ఏంది వదినా, మీ కోడలికి ఒంట్లో బాగాలేదా?"

"ఒంట్లో బాగానే ఉంది. బద్ధకం. ఎప్పుడు చూసినా ఫోను పట్టుకొని పడుకునే ఉంటది. అన్నం కూడా సగం వదిలేస్తంది."

"అది బద్ధకం కాదొదినా. వచ్చిన కొత్తలో ఆ పిల్ల వేసిన ముగ్గు చూశావా? బద్ధకం ఉన్న చెయ్యి అట్టాంటి ముగ్గు వేస్తదా? ముగ్గు కూడా రాతే. ఆ రాత చిన్నదైపోయిందంటే లోపల ఏదో బాధ ఉన్నట్టే."

అత్త ఏమీ మాట్లాడలేదు. తనూ ఒకప్పుడు కొత్తకోడలే. పుట్టింటి బస్సు పోతుంటే గుమ్మంలో నిలబడి చూసిన రోజులు ఆమెకు గుర్తుకొచ్చాయి.

ఒంటరితనం అంటే ఏమిటి?

ఒక్కరే ఉండటం వేరు. ఒంటరితనం వేరు.

మీరు పొలంలో ఒక్కరే కలుపు తీస్తుంటారు. పాట పాడుకుంటారు. సాయంత్రం ఇంటికి వచ్చి నలుగురితో మాట్లాడతారు. అది ఒక్కరే ఉండటం. అందులో బాధ లేదు.

పెళ్లింట్లో వందమంది ఉంటారు. ఒక పిల్ల మూలన కూర్చొని ఉంటుంది. తన మాట వినేవాళ్లు ఎవరూ లేరని ఆమెకు అనిపిస్తుంది. అది ఒంటరితనం. మనుషులు లేకపోవడం వల్లనే ఇది రాదు. మనసు కలిసే మనిషి లేకపోతే వస్తుంది.

వయసు పిల్లలకు ఇది ఎందుకు వస్తుంది?

* పెళ్లయి కొత్త ఊరికి వస్తారు. స్నేహితులంతా ఒక్కసారే దూరమవుతారు.
* చదువు కోసం, పని కోసం పట్నం పోతారు. గదిలో నలుగురు ఉన్నా ఎవరి పని వాళ్లది.
* ఉద్యోగం దొరకదు. నలుగురిలోకి రావాలంటే సిగ్గు పడతారు.
* అందరూ బాగున్నారు, తానొక్కడే వెనకబడ్డాడని ఫోను చూసి అనుకుంటారు.

ఇది మన ఊళ్లోనే ఉన్న సంగతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఒక నివేదిక ఇచ్చింది. ప్రపంచంలో ప్రతి 6 మందిలో ఒకరికి ఒంటరితనం ఉందని అందులో చెప్పింది. 13 నుంచి 29 ఏళ్ల లోపు వాళ్లలో నూటికి 17 నుంచి 21 మంది ఒంటరితనంతో బాధపడుతున్నారని చెప్పింది.

ఇది మనసుకే కాదు, ఒంటికీ చేటు. ఎక్కువ కాలం ఒంటరితనంతో ఉండేవాళ్లకు గుండెజబ్బు, పక్షవాతం, చక్కెర జబ్బు వచ్చే ముప్పు పెరుగుతుంది. దిగులు జబ్బు కూడా రావచ్చు. ఏటా సుమారు 8 లక్షల 71 వేల మరణాలకు ఒంటరితనంతో సంబంధం ఉందని ఆ నివేదిక అంచనా వేసింది.

కాబట్టి దీన్ని "పొగరు" అనకూడదు. "బద్ధకం" అనకూడదు. "తిండి ఎక్కువై" అని అసలే అనకూడదు.

ఒక మనిషి తక్కువైంది

మళ్లీ కథలోకి వద్దాం.

ఆ ఊళ్లో ఆడవాళ్లు కోలాటం నేర్చుకుంటున్నారు. రోజూ రాత్రి ఎనిమిది గంటలకు రామాలయం ముందు చేరేవాళ్లు. పక్క ఊరి నుంచి గురువు వచ్చి నేర్పేవాడు. తిరునాళ్లలో ఆడాలని వాళ్ల ఆశ.

కోలాటం మీ అందరికీ తెలుసు. చేతికొక కర్ర చొప్పున రెండు కర్రలు. లోపల ఒక వరుస, బయట ఒక వరుస. ఎదురెదురుగా నిలబడాలి. ఎదుటి మనిషి కర్రను మన కర్రతో తట్టాలి. ఆ జంటను ఉద్ది అంటారు. ఉద్ది లేకపోతే ఆట లేదు. ఒక్కరే ఎంత బాగా ఆడినా అది కోలాటం కాదు.

వాళ్లు 16 మంది. ఎనిమిది జంటలు. అందులో ఒకామె కూతురి కాన్పుకని ఊరెళ్లింది. 15 మంది మిగిలారు. ఒకామెకు ఉద్ది లేకుండా పోయింది.

పెద్దమ్మ మర్నాడు శిరీష దగ్గరికి వెళ్లింది. "ఎందుకమ్మా దిగులుగా ఉన్నావు?" అని అడగలేదు. "ధైర్యంగా ఉండాలి" అని చెప్పలేదు. ఇట్లా అంది.

"అమ్మాయ్, కోలాటంలో మాకు ఒక మనిషి తక్కువైంది. నువ్వు వస్తే మా ఆట నిలబడుద్ది. వస్తావా?"

"నాకు రాదు పెద్దమ్మా."

"మాకు మాత్రం వచ్చా ఏంది? రెండు నెలల కిందట మాకు కర్ర పట్టుకోవడమే తెలీదు. రాకపోతే నేర్చుకుందువు గాని, రా."

"అత్తయ్య ఏమంటదో."

అత్త లోపలి నుంచి అంది. "కొత్తకోడలు గుడి ముందు నిలబడి ఆడితే నలుగురూ ఏమనుకుంటారొదినా?"

పెద్దమ్మ నవ్వింది. "ఆ నలుగురూ మా జట్టులోనే ఉన్నారులే. నువ్వు కూడా రా. గురువుగారు పాటలు నోటుబుక్కులో రాయించాడు. ఆయన రాని రోజు చదివి చెప్పేవాళ్లు లేరు. మనిద్దరం రాత్రిబడికి కలిసే పోయాం గదా. చూసి చదువు."

అత్తకు ఆ మాట బాగా తగిలింది. తను చదువుకున్న చదువు ఊరికి కావలసి వచ్చింది. ఆ రాత్రి అత్తాకోడళ్లు ఇద్దరూ గుడి దగ్గరికి వెళ్లారు.

మొదటి రోజు శిరీషకు ఒక్క అడుగు కూడా కుదరలేదు. అందరూ కుడికి తిరిగితే ఆమె ఎడమకు తిరిగింది. కర్ర పోయి ఎదుటామె వేలికి తగిలింది. శిరీష భయపడింది. ఎదుటామె వేలు నోట్లో పెట్టుకొని నవ్వింది. అందరూ నవ్వారు. శిరీష కూడా నవ్వింది.

"పిల్లా, నీ పేరేంది?" అని ఎదుటామె అడిగింది. "నా ఉద్ది పేరు నాకు తెలియొద్దా?"

"శిరీష."

మూడు నెలల్లో ఆ ఊళ్లో ఆమె పేరు అడిగింది ఆ ఒక్కతే. మర్నాటి నుంచి బావి దగ్గర, కొట్టు దగ్గర "శిరీషా, రాత్రికి వస్తున్నావుగా?" అని అడగడం మొదలుపెట్టారు.

తన పాట తానే కట్టింది

నెల గడిచింది. శిరీషకు ఆరు కోపులు వచ్చాయి. కోపు అంటే కోలాటంలో ఒక రకం అడుగుల వరుస.

ఒకరోజు ఆమె మధ్యాహ్నం పూట నోటుబుక్కు తీసింది. ఏదో రాసింది. కొట్టేసింది. మళ్లీ రాసింది. సాయంత్రం అత్తకు చూపించింది. అత్త ఒక్కో అక్షరం కూడబలుక్కొని చదివింది.

బస్సెళ్లిపోయింది, దుమ్మే మిగిలింది
దుమ్ములో నిలబడి దారే చూశాను
కర్రొకటి మోగింది, కబురే పంపింది
ఉద్ది దొరికింది, ఊరే నాదైంది

చదివి అత్త చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది.

"పుట్టిల్లు ఇంత గుర్తుకొస్తన్నట్టు నాకెప్పుడూ చెప్పలేదేంది?"

"ఎట్టా చెప్పాలో తెలీలేదత్తయ్యా. పాటలో అయితే వచ్చింది."

ఈ మాట గుర్తుంచుకోండి. మామూలు మాటల్లో చెప్పలేనిది పాటలో వస్తుంది. ముగ్గులో వస్తుంది. బొమ్మలో వస్తుంది. కథలో వస్తుంది. ఎదుటివాళ్లకు కూడా అట్లా అయితేనే బాగా అర్థమవుతుంది.

ఆ పాటను జట్టు వాళ్లు నేర్చుకున్నారు. తిరునాళ్లలో పాడారు. ఊరి ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఎందుకంటే అది వాళ్ల పాట కూడా. వాళ్లు కూడా ఒకప్పుడు ఆ దుమ్ములో నిలబడినవాళ్లే.

శిరీష కష్టాలన్నీ తీరిపోయాయా? లేదు. భర్త ఇప్పటికీ పదిహేను రోజులకోసారే వస్తాడు. కొన్ని రాత్రులు ఆమెకు ఇప్పటికీ దిగులుగానే ఉంటుంది. కానీ పొద్దున లేస్తే తన కోసం ఎదురు చూసే మనుషులు ఊళ్లో ఉన్నారు. వాకిట్లో ముగ్గు మళ్లీ పెద్దదైంది.

ఇది ఎట్లా పనిచేస్తుంది?

పెద్దమ్మ చేసిన పనిని గమనించండి. ఆమె శిరీష మీద జాలి చూపలేదు. "నువ్వు మాకు కావాలి" అని చెప్పింది. ఒంటరిగా ఉన్న మనిషికి జాలి చూపితే ఇంకా చిన్నబోతుంది. పని చెప్పి పిలిస్తే లేచి వస్తుంది.

కలిసి పాడటం, ఆడటం, గీయడం, రాయడం మనకు నాలుగు విధాలుగా మేలు చేస్తాయి.

1. చేతికీ నోటికీ పని దొరుకుతుంది. కర్ర ఎటు కొట్టాలో చూసుకుంటుంటే దిగులు ఆలోచనలు కొంతసేపు ఆగుతాయి.

2. అందరం ఒకే తాళం మీద కదులుతాం. కలిసి పాడేటప్పుడు ఒకే చోట ఊపిరి తీసుకుంటాం. మనం వేరు, వాళ్లు వేరు అన్న భావన తగ్గుతుంది.

3. పరిచయం సులువవుతుంది. ముఖాముఖి కూర్చొని "నీ కష్టం చెప్పు" అంటే ఎవరూ చెప్పరు. పక్కపక్కన పని చేస్తుంటే మాట దానంతటదే వస్తుంది.

4. లోపలి బాధకు ఒక రూపం వస్తుంది. రూపం వచ్చిన బాధను పదిమందితో పంచుకోవచ్చు.

ఇది ఊరికే అనే మాట కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2019లో మూడు వేలకు పైగా పరిశోధనలను పరిశీలించింది. పాట, ఆట, బొమ్మ, కథ వంటి కళలు మనసుకూ ఒంటికీ మేలు చేస్తాయని చెప్పింది.

మన పెద్దవాళ్లకు ఈ సంగతి ముందే తెలుసు. నాట్లు వేస్తూ పాడారు. రోకలి పోటుకు పాడారు. అట్లతద్దికి ఉయ్యాలలు ఊగారు. సంక్రాంతికి గొబ్బెమ్మల చుట్టూ ఆడారు. తెలంగాణలో తొమ్మిది రోజులు బతుకమ్మ ఆడతారు. తంగేడు పూలు, గునుగు పూలు పేర్చి చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టి పాడతారు. ఒకరు అందుకుంటే మిగతావాళ్లు అంటారు. పాట రాని పిల్ల కూడా ఆ వరుసలో నిలబడవచ్చు. రెండు రోజులు తిరిగితే పాట అదే వస్తుంది.

ఇప్పుడు చాలాచోట్ల నాట్లు యంత్రం వేస్తోంది. పిండి మిల్లు ఆడుతోంది. పని తేలికైంది. అది మంచిదే. కానీ పనితోపాటు పాడుకునే చోటు కూడా పోయింది. ఆ చోటును మనమే మళ్లీ ఏర్పాటు చేసుకోవాలి.

మన ఆడవాళ్లు చేసి చూపించారు

ఇప్పుడు కథ కాదు, జరిగిన సంగతులు చదువుదాం.

నెల్లూరు జిల్లాలో 1990 తర్వాత అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. కళాజాతాలు ఊరూరా తిరిగాయి. పాటలు పాడాయి, నాటికలు వేశాయి. రాత్రిబడుల్లో ఆడవాళ్లు కలిసి కూర్చొని చదివారు. సారా వల్ల ఇంట్లో పడే బాధ తన ఒక్కదానిదే అని అంతవరకూ ప్రతి ఆడమనిషీ అనుకునేది. అక్కడ కూర్చున్నాక అది అందరి బాధ అని తెలిసింది. దూబగుంట ఆడవాళ్లు సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. 1992లో ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. ఒక్కొక్కరుగా ఏడ్చినంత కాలం ఏమీ కాలేదు. కలిసి మాట్లాడాక అయింది.

చిత్తూరు జిల్లాలో 2001లో పొదుపు సంఘాల ఆడవాళ్లు ఒక పత్రిక మొదలుపెట్టారు. దాని పేరు 'నవోదయం'. పల్లె ఆడవాళ్లే విలేకరులు. ఊళ్లు తిరిగి తోటి ఆడవాళ్ల సంగతులు రాశారు.

జహీరాబాద్ ప్రాంతంలో మాచనూరు అనే ఊరుంది. అక్కడ 2008లో 'సంఘం రేడియో' మొదలైంది. దాన్ని నడిపింది పేద దళిత ఆడవాళ్లు. విత్తనాల గురించి, పంటల గురించి, ఆరోగ్యం గురించి వాళ్ల యాసలోనే మాట్లాడారు. ముసలమ్మలు తమకు వచ్చిన పాటలు పాడారు. తన ఊరి మాట, తన ఊరి పాట రేడియోలో వింటే మనిషికి ఎంత ధైర్యం!

వీళ్లెవరూ పెద్ద చదువులు చదివినవాళ్లు కాదు. మనలాంటివాళ్లే.

అమ్మ రాసిన ఉత్తరం

కొత్త ఊరికి వచ్చిన కోడలి సంగతి చూశాం. మరి ఊరు విడిచి వెళ్లిన పిల్లల సంగతి ఏమిటి?

మన కథలో పెద్దమ్మకు ఒక కొడుకు ఉన్నాడు. వయసు 23 ఏళ్లు. హైదరాబాదులో పని చేస్తున్నాడు. రాత్రి డ్యూటీ. గదిలో నలుగురు ఉంటారు. ఒకరు నిద్ర లేచేసరికి ఇంకొకరు పడుకుంటారు.

పెద్దమ్మ రోజూ ఫోను చేసేది.

"తిన్నావా నాయనా?"

"తిన్నా."

"బాగున్నావా?"

"బాగున్నా. ఉంటా మరి."

రోజూ ఇంతే. ఆ గొంతులో ఏదో తేడా ఉందని ఆమెకు అనిపించేది. ఏం అడగాలో తెలిసేది కాదు.

శిరీష పాట విన్నాక పెద్దమ్మకు ఒక ఆలోచన వచ్చింది. కొడుక్కి ఉత్తరం రాసింది. జన్మలో అది ఆమె రాసిన మొదటి ఉత్తరం. రాయడానికి రెండు రోజులు పట్టింది.

"చిరంజీవి బాబుకు అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేము క్షేమం. గేదె ఈనింది. దూడ నల్లగా ఉంది. నీ చిన్నప్పుడు గోడ మీద బొగ్గుతో గేదె బొమ్మ గీశావు. నేను కొట్టాను. ఆ బొమ్మ ఇంకా ఉంది. సున్నం వేసినా నేను దాని మీద వేయనీలేదు. ఇప్పుడు బొమ్మలు గీస్తున్నావా? గీస్తే నాకు పంపు. ఇట్లు, అమ్మ."

వారం తర్వాత కొడుకు ఫోను చేశాడు. ఆ రోజు అరగంట మాట్లాడాడు. మొదట ఏడ్చాడు. తర్వాత దూడ గురించి అడిగాడు.

నెల తర్వాత ఒక కవరు వచ్చింది. అందులో కాలెండరు కాగితం ఉంది. దాని వెనక మన ఊరి బావి బొమ్మ గీసి ఉంది. అది గీస్తుంటే గదిలో వాళ్లు చుట్టూ చేరారట. "ఇది మీ ఊరా?" అని ఒకడు అడిగాడట. "మా ఊళ్లో కూడా ఇట్టాంటి బావి ఉంది" అని ఇంకొకడు అన్నాడట. ఏడాదిగా ఒకే గదిలో ఉంటున్నా ఒకరి ఊరి పేరు ఒకరికి తెలిసింది ఆరోజే. ఇప్పుడు ఆదివారం నలుగురూ కలిసి వండుకుంటున్నారు.

ఉత్తరంలో పెద్ద సంగతులు ఏమున్నాయి? గేదె, దూడ, బొగ్గు బొమ్మ. అంతే. కానీ "నువ్వెవరో నాకు గుర్తుంది" అన్న మాట అందులో ఉంది.

మీరు నేర్చుకున్న అక్షరాలకు అంత బలం ఉంది. తప్పులు వస్తాయని భయపడకండి. అమ్మ ఉత్తరంలో తప్పులు ఎవరూ లెక్కపెట్టరు.

పాటతో తీరని బాధ

ఒక్క సంగతి మరిచిపోకూడదు. ప్రతి బాధకూ పాట మందు కాదు.

రెండు మూడు వారాలైనా నిద్ర పట్టకపోయినా, తిండి మానేసినా, ఏ పనీ చేయలేకపోయినా అది దిగులు జబ్బు కావచ్చు. దానికి వైద్యం ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్లండి. తాయెత్తులతో కాలం గడపకండి.

"నేను బతికి ఏం లాభం?" అని ఎవరైనా అంటే తేలిగ్గా తీసుకోకండి. తిట్టకండి. ఒంటరిగా వదలకండి. పక్కన కూర్చోండి. 14416 నంబరుకు ఫోను చేయండి. ఇది ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ. రాత్రీ పగలూ పనిచేస్తుంది. డబ్బు ఖర్చు కాదు. తెలుగులో మాట్లాడవచ్చు.

ఇంట్లో కొడుతున్నా, హింస పెడుతున్నా "సర్దుకుపో" అని చెప్పకండి. అది ఒంటరితనం కాదు, నేరం. 181 మహిళా సహాయ నంబరుకు ఫోను చేయండి.

ఈ రెండు నంబర్లు మీ ఇంటి తలుపు వెనక పెద్దగా రాసి పెట్టండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు.

మనం ఏం చేయవచ్చు?

* మీ వీధిలో కొత్తగా వచ్చిన కోడలు పేరు తెలుసుకోండి. పేరు పెట్టి పిలవండి.
* పొదుపు సంఘం సమావేశంలో లెక్కలు అయ్యాక ఒక అరగంట పాటకు, కథకు పెట్టుకోండి.
* వయసు పిల్లలకు పని అప్పగించండి. గోడపత్రిక రాయమనండి. ముసలమ్మల పాటలు ఫోనులో రికార్డు చేయమనండి. ఫోను అట్లా కూడా పనికొస్తుంది.
* వారానికి ఒక రోజు, ఒక చోటు, ఒక గంట ఖాయం చేసుకోండి. ఖాయంగా లేని జట్టు నిలబడదు.
* ఏ కులం, ఏ వీధి అని చూడకండి. ఊరి చివర ఇంటి పిల్లను కూడా పిలవండి. ఎవరినైనా బయట నిలబెట్టి పాడే పాట ఒంటరితనాన్ని పెంచుతుంది.
* బాగా వచ్చినవాళ్లనే ముందు పెట్టకండి. రానివాళ్లకు చోటు ఉంటేనే అది మన జట్టు.
* రాని మనిషి ఇంటికి వెళ్లండి. "నువ్వు రాకపోతే మాకు ఒక మనిషి తక్కువ" అని చెప్పండి.

పొలానికి నీళ్లు ఎట్లా అవసరమో మనిషికి తోడు అట్లా అవసరం. అడగడానికి సిగ్గుపడే పిల్లలను మనమే పిలవాలి. మన దగ్గర ఒక కర్ర ఉంది. రెండో కర్ర ఎవరి చేతిలో పెట్టాలో చూద్దాం.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. ముగ్గు చిన్నదవడం చూసి పెద్దమ్మకు ఏం అర్థమైంది?
2. శిరీషను "దిగులు పడకు" అని చెప్పి ఊరుకుంటే ఏమయ్యేది?
3. అత్త కోలాటం దగ్గరికి రావడానికి ఎందుకు ఒప్పుకుంది?
4. ఒక్కరే ఉండటానికి, ఒంటరితనానికి తేడా ఏమిటి? మీ అనుభవం చెప్పండి.
5. మీరు కొత్తకోడలుగా వచ్చినప్పుడు మిమ్మల్ని మొదట పేరు పెట్టి పిలిచింది ఎవరు?

కొత్త మాటలు

ఉద్ది: జంట, జోడు
కోపు: కోలాటంలో ఒక అడుగుల వరుస
నివేదిక: తెలుసుకున్న సంగతులు రాసి ఇచ్చిన కాగితం
గోడపత్రిక: అందరూ చదివేలా గోడ మీద రాసి పెట్టే పత్రిక

రాయండి

దూరాన ఉన్న మీ బిడ్డకు గానీ, చెల్లెలికి గానీ ఆరు మాటల్లో ఉత్తరం రాయండి. "తిన్నావా, బాగున్నావా" అని అడగవద్దు. వాళ్లు చిన్నప్పుడు చేసిన ఒక పని గుర్తు చేయండి. ఇప్పుడు ఏం చేస్తే సంతోషంగా ఉంటుందో అడగండి. రాసిన ఉత్తరాన్ని దాచుకోకండి. పంపండి.